ఈస్ట్ బాటిల్ సీఓటూకి సెరామిక్ డిఫ్యూజరా, ఫిల్టర్‌లోకి వదలడమా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మాది 60 లీటర్ల చేపల తొట్టి, రోటాలా, హైగ్రోఫిలా అనే నీటి మొక్కలు ఉన్నాయి, ముందు పక్క మోంటే కార్లో అనే పొట్టి మొక్క వేశాను. మొక్కలకి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) ఇవ్వాలి, దాని సిలిండర్ ఇప్పట్లో కొనలేను, అందుకే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌లో పంచదార, ఈస్టు. గ్యాస్ బాగానే వస్తోంది గాని నీళ్లలో కలవట్లేదు, బుడగలన్నీ పైకొచ్చి పేలిపోతున్నాయి, డ్రాప్ చెకర్ (నీళ్లలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపేది) నీలం రంగులోనే ఉంది, అంటే తక్కువే, ఆకుపచ్చ రావాలి. షాపులో సెరామిక్ డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్నటి బుడగలుగా చేసే బిళ్ల) పెట్టమన్నారు, తెలిసినాయన ఒకరు అది దండగ, ఫిల్టర్ నీళ్లు లాక్కునే చోట పైపు పెట్టీమంటున్నారు. ఏది చెయ్యాలి?

ఇజీనారం కుర్రోడు:
ఫిల్టరే అన్నా, ఆలోచించక్కర్లేదు. సెరామిక్ బిళ్లలోంచి గ్యాస్ బయటికి రావాలంటే గట్టి ప్రెజర్ కావాలి, అది సిలిండర్ కోసం చేసిన వస్తువు. ఈస్ట్ బాటిల్‌లో ప్రెజర్ మెల్లిగా పెరుగుతుంది, ఈలోగా మూత దగ్గరో జాయింట్ దగ్గరో ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి పోతుంది. అదే ఫిల్టర్ స్పాంజి పక్కన పైపు పెడితే బుడగ లోపలికెళ్లి ఇంపెల్లర్‌కి (నీళ్లు తోసే రెక్కల చక్రానికి) తగిలి ముక్కలైపోతుంది. ఒక బుడగని సగం సైజువి ఎనిమిది చేస్తే గ్యాస్ అంతే గాని నీళ్లు తగిలే వైశాల్యం రెట్టింపవుద్ది, పైగా చిన్న బుడగ నెమ్మదిగా లేస్తుంది. ఒక్కటి చూసుకో, ఫిల్టర్ నీళ్లు వదిలే మూతి నీటి మట్టానికి కింద ఉండాలి, పైన చిమ్మితే కరిగిందంతా మళ్లీ గాల్లోకే పోద్ది.

మొక్కల తొట్టి:
తమ్ముడూ, డిఫ్యూజర్ పనిచెయ్యదనీకు, లీకు ఆపడం రాకపోతే అది డిఫ్యూజర్ తప్పెలా అవుద్ది? బాటిల్ మూతకి ఏ గమ్మూ సరిగ్గా అంటుకోదు, కొన్నాళ్లకి పెచ్చులా ఊడొస్తుంది. పైపు కంటే కొంచెం సన్నగా కన్నం పెట్టి, పైపు చివర ఏటవాలుగా కోసి, ఆ మొనని కన్నంలోంచి కటింగ్ ప్లేయర్‌తో అవతలికి లాగాలి. బిర్రుగా కూర్చుంటుంది, గమ్ము అక్కర్లేదు. పైపు కూడా సిలికాన్‌ది వద్దు, దాని గోడల్లోంచే సీఓటూ పోతుంది. మందుల షాపులో దొరికే సెలైన్ సెట్ చాలు, పైగా దాని డ్రిప్ చాంబర్‌లో కొంచెం నీళ్లు పోస్తే బుడగలు లెక్కపెట్టుకోవచ్చు. ఇలగ చేశాక నా సెరామిక్ బిళ్ల ఈస్టుతోనే పనిచేస్తోంది, మంచులా సన్నటి బుడగలు మొక్కల మధ్యకి పోతున్నాయి.

పలాస అమ్మాయి:
మీరిద్దరూ కరెంటు సంగతి మర్చిపోయారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది, రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను దాకా ఎందుకు, వేసవిలో మామూలు కోతలు చాలు. ఫిల్టర్ ఆగిపోయినా ఈస్ట్ ఆగదు కదా, ఆ గ్యాసంతా దండగే. నేను పెరుగు కప్పు తలకిందులుగా నీళ్లలో అతికించి దాని కిందికి పైపు పెట్టాను. గ్యాస్ కప్పులో నిలిచి అడుగున నీళ్లలోకి మెల్లిగా కరుగుతుంది, నిండితే అంచు నుంచి జారిపోతుంది. సన్నగా పొడుగ్గా ఉన్న సిరంజి గొట్టం కంటే వెడల్పుగా లోతు తక్కువున్న కప్పే మంచిది, నీళ్లు తగిలే వైశాల్యమే ముఖ్యం.

కెమిస్ట్రీ మాస్టారు (ఆమదాలవలస):
పలాస అమ్మా, కప్పు మంచిదే, కాకపోతే నీళ్లలోని నైట్రోజన్, ఆక్సిజన్ కూడా మెల్లిగా అందులోకి చేరతాయి. కప్పు నిండుగా కనపడుతుంది గాని లోపల సీఓటూ తక్కువుంటుంది. రెండు మూడు రోజులకోసారి వంచి ఖాళీ చెయ్యి.

ఎండాకాలం నీళ్లలో గ్యాస్ కరగదని చాలామంది అంటారు. 30 డిగ్రీల నీళ్లు స్వచ్ఛమైన సీఓటూని లీటరుకి సుమారు 1,260 మిల్లీగ్రాముల దాకా పట్టుకోగలవు. మనకి కావలసింది 20 నుంచి 30. కాబట్టి కరగడానికి వేడి అడ్డం కాదు, కరిగింది పైనుంచి పారిపోవడమే అసలు సమస్య. వేడికి తగ్గేది ఆక్సిజన్, 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాములు, 32 దగ్గర 7.3. పైగా వేడికి ఈస్ట్ రెచ్చిపోతుంది, వారాలు రావలసిన బాటిల్ కొద్ది రోజుల్లో అయిపోతుంది. 100 గ్రాముల పంచదారకి సుమారు 50 గ్రాముల సీఓటూ, అంటే 28 లీటర్ల గ్యాస్, అది ఒకేసారి ఎగదన్నితే చేపలకి ప్రమాదం. బాటిల్‌ని నీళ్ల బకెట్‌లో పెట్టండి, నిదానంగా పొంగుతుంది.

నాగావళి గారూ, డ్రాప్ చెకర్‌లో తొట్టి నీళ్లే పోశారా? 4 డిగ్రీల కేహెచ్ (నీళ్లలో కార్బొనేట్ల కొలత) ఉన్న నీళ్లు పోస్తేనే ఆ రంగుకి అర్థం ఉంటుంది.

నాగావళి ఒడ్డు:
మాస్టారూ, కిట్‌తో వచ్చిన 4 కేహెచ్ నీళ్లే అండి. మరి రాత్రిపూట ఎలగ? వాల్వు కట్టేయొచ్చా?

మొక్కల తొట్టి:
ఈస్ట్ బాటిల్‌కి వాల్వు ఎప్పుడూ కట్టొద్దు బాబూ! లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, మూత ఎగిరిపోద్ది, బాటిలైనా పగులుద్ది. రాత్రి లైటు లేకపోతే మొక్కలు కూడా సీఓటూ వదుల్తాయి, పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పైపు తీసి తొట్టి బయట పెట్టు, ఎయిర్ పంపు వెయ్యి. నాన్ రిటర్న్ వాల్వు కూడా పెట్టు, లేదంటే బాటిల్‌లో ప్రెజర్ పడిపోయినప్పుడు తొట్టి నీళ్లు వెనక్కి వచ్చేస్తాయి.

ఇజీనారం కుర్రోడు:
పెద్దన్నా, మూత గురించి చెప్పింది బాగుంది, నేనూ అలగే చేస్తాను. డిఫ్యూజర్ మీద మాత్రం ఒప్పుకోను. మంచులా కనపడేది ఇంకా కరగని గ్యాసే కదా, అది పైకెళ్లి పోతోందనే లెక్క.

మొక్కల తొట్టి:
పైకెళ్లే లోపు ఆకులకి అంటుకుంటుంది, మొక్కకి అది నేరుగా అందుతుందని నా నమ్మకం. అయినా నీ ఫిల్టర్‌లో గ్యాస్ పేరుకుని ఇంపెల్లర్ గరగరలాడి నీళ్లు ఆగిపోవా?

ఇజీనారం కుర్రోడు:
సెకనుకి ఒక బుడగ దాటితే అవుద్ది. ఈస్ట్ అంత ఇవ్వదు, మొదటి రెండ్రోజులు తప్ప. ఆ రెండ్రోజులు పైపు స్పాంజికి కొంచెం దూరంగా ఉంచుతాను.

పలాస అమ్మాయి:
ఆ రెండ్రోజులూ నా కప్పు వాడొచ్చు కదా. నాగావళి అన్నా, ఖర్చు లేనిది ముందు చూడు. కప్పుని ఫిల్టర్ నీళ్లు వచ్చే దారిలో పెట్టు, రెండు గంటలాగి చెకర్ చూడు, అది ఆలస్యంగానే రంగు మారుతుంది. ఆకుపచ్చ రాకపోతే అప్పుడు డిఫ్యూజర్ కొనుక్కో.