పిల్లల నవలకి రివ్యూ రాయాలంటే పిల్లల్ని అడగాలా?

గవర్నరుపేట పాఠకుడు:
ఈ పది రోజుల్లో రెండు నవలలు చదివాను. ఒకటి పెద్దలది, ఒకటి పిల్లలది. తోచింది రాస్తున్నా.

మొదటిది డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. నేను చదవడం ఇది రెండోసారి. కనిపించకుండా పోయిన సూడి పందిని వెతుక్కుంటూ ఓ ముసలాడు అడవిలోకి పోతాడు, ఒక్క రాత్రి కథ. మొదటిసారి నాకు ముసలాడి కష్టమే కనిపించింది. ఈసారి అతని తెలివి కనిపించింది. పంది గురించీ అడవి గురించీ అతనికి తెలిసింది ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు, ఒంటికి పట్టింది. ఇంతకీ గెలిచినట్టా ఓడినట్టా అని పుస్తకం మూసి అరగంట అలాగే కూర్చున్నా.

రెండోది దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’. 1954లో చందమామలో సీరియల్‌గా మొదలైంది. మాంత్రికులు, వింత జంతువులు, ప్రతి అధ్యాయం చివరా ఓ గండం. మా పదకొండేళ్ల వాడి తరానికి ఇది ఎక్కదు.

బ్రాడీపేట నాలుగో లైన్:
మీ వాడికి ఎక్కదని మీ వాడు చెప్పాడా, మీరే చెబుతున్నారా? అరవై దాటినవాడు పిల్లల నవల చదివి పెదవి విరిస్తే అది రివ్యూ అవుతుందా? పంటికింద రాయి ఎవరికి తగిలిందో వాళ్లు చెప్పాలి.

సత్యనారాయణపురం:
మొదటి పుస్తకం ముగింపు చెప్పేశారు కదండీ. ఈ మధ్యే కొనుక్కొచ్చాను, ఇంకా తెరవలేదు.

గవర్నరుపేట పాఠకుడు:
@సత్యనారాయణపురం ఎక్కడ చెప్పాను?

@బ్రాడీపేట నాకు యాభై నాలుగే. ఇక అసలు సంగతి. చందమామ నెలకోసారి వచ్చేది. గండం దగ్గర ఆపితే పిల్లాడు నెలంతా దాన్నే తలుచుకునేవాడు. ఇప్పుడు అదంతా కలిపి ఒక్క పుస్తకంగా వేస్తే పది పేజీలకో గండం వస్తుంది, పది పేజీలకో గండం తప్పుతుంది. నాలుగోసారికి మనకే భయం పోతుంది. అది రాసినాయన తప్పు కాదు, మనం చదివే పద్ధతి మారింది. ఇది చెప్పడానికి పిల్లల్ని అడగాలా?

కృష్ణలంక కుర్రోడు:
తోకచుక్క ఏలూరు రోడ్డులో దొరుకుతుందా? రేటెంత?

పటమట అమ్మ:
మేము చదివిన తీరు చెబుతాను. మా పాపకి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలు వచ్చు గానీ ఒత్తు కనిపిస్తే ఆగి నా మొహం చూస్తుంది. అందుకని నేనే చదివి వినిపిస్తా, రాత్రికి ఒక్క అధ్యాయం, అంతే. ఇంకోటి చదవమని చెయ్యి పట్టుకు లాగుతుంది, నేను లైటు తీసేస్తా. నెల ఆగక్కర్లేదు, తెల్లారేదాకా ఆగితే చాలు, గండం గండంలాగే ఉంటుంది. పొద్దున జడ వేస్తుంటే ‘వాడు తప్పించుకుంటాడా’ అని అడుగుతుంది. ఇంకోటి, ఆ సీరియల్‌కి బొమ్మలు వేసిన చిత్రకారుడు చిత్ర గారి గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. మా పాప ముందు బొమ్మ చూస్తుంది, ఆ తర్వాతే కథ.

బ్రాడీపేట నాలుగో లైన్:
శభాష్ అమ్మా! సుబ్రహ్మణ్యం గారిది మన తెనాలి వైపే. అన్నేళ్లు సీరియల్స్ రాసినా చందమామలో వాటి కింద ఆయన పేరు వేసేవాళ్లు కాదు. పిల్లల రచయితకి ఇచ్చే మర్యాద అది. సాహిత్య అకాడమీ కూడా పెద్దల పుస్తకాలకి 1955 నుంచి ఇస్తోంది, పిల్లల పుస్తకాలకి విడిగా పురస్కారం పెట్టింది 2010లో. అక్కడ లక్ష, ఇక్కడ యాభై వేలు. మనవాడు కూడా అదే లెక్కలో పెద్దల నవలకి ఏడు వాక్యాలు, పిల్లల నవలకి నాలుగు రాశాడు. లెక్కపెట్టాను.

సత్యనారాయణపురం:
‘గెలిచినట్టా ఓడినట్టా’ అన్నారుగా, అంటే పూర్తిగా గెలవలేదని తెలిసిపోయింది.

గవర్నరుపేట పాఠకుడు:
@సత్యనారాయణపురం పేరులోనే ‘జయించాడు’ అని ఉంది, మరి దాన్నేమంటారు?

@పటమట అమ్మ మీరు చెప్పింది బాగుంది. బొమ్మల మాట నిజమే, తప్పు నాదే.

@బ్రాడీపేట వాక్యాలు లెక్కపెట్టి మర్యాద కొలుస్తారా?

బ్రాడీపేట నాలుగో లైన్:
కొలుస్తా. రెండేళ్ల క్రితం ఇక్కడే మీరు ఓ పిల్లల నవలకి రెండే వాక్యాలు రాశారు. ‘నీతి ఎక్కువ, కథ తక్కువ. కొననక్కర్లేదు.’ ముప్పై ఒక్క ఏళ్లు బళ్లో పిల్లల మధ్య బతికినవాడు రిటైర్మెంట్ డబ్బుతో 500 కాపీలు వేయించుకున్న పుస్తకం అది. 340 కాపీలు అటక మీద బొమ్మల కొలువు పెట్టె పక్కన ఉన్నాయి. పండక్కి బొమ్మలు దించినప్పుడల్లా కట్టలు కదిలించాలి. చెదలు పట్టాయేమో అని మా ఆవిడ ఒక్కో కట్టా విప్పి చూస్తుంది.

కృష్ణలంక కుర్రోడు:
అయ్యో మాస్టారూ.

గవర్నరుపేట పాఠకుడు:
ఆ పుస్తకం మీదని నాకు తెలీదు మాస్టారూ. తెలిసుంటే అలా రాసేవాణ్ణి కాదు.

బ్రాడీపేట నాలుగో లైన్:
అదీ సంగతి! తెలిసినవాడిదైతే ఒకలా, తెలియనివాడిదైతే ఒకలా. మరి ఇన్నాళ్లూ మీరు రాసిన మెచ్చుకోళ్లలో ఎన్ని మొహమాటానికి రాసినవి?

గవర్నరుపేట పాఠకుడు:
సరే, సూటిగానే చెబుతా. ‘అలా’ అంటే ఆ ‘కొననక్కర్లేదు’ అన్న మాట. ‘నీతి ఎక్కువ’ అన్నది మాత్రం ఇప్పుడైనా రాస్తాను. ఏలూరు రోడ్డులో ఒక షాపులో ఓసారి చూశాను. తాతగారు పిల్లల పుస్తకం అట్ట వెనక్కి తిప్పి ధర చూసి, ‘నీతి కథలేనా?’ అని అడిగారు. అవునన్నాడు షాపతను. కొనేశారు. పక్కనే మనవడు ఫోన్లో తలపెట్టి ఉన్నాడు. పెద్దల నవల కొన్నవాడే చదువుతాడు. పిల్లల నవల కొనేదొకరు, చదివేదొకరు. నేను రాసేది ఆ పిల్లాడి కోసం. మీరేమో రాసినవాడి కోసం రాయమంటున్నారు. మన గొడవంతా ఇదే, వాక్యాల లెక్క కాదు.

బ్రాడీపేట నాలుగో లైన్:
పిల్లాడి కోసం రాసేవాడు పిల్లాణ్ణి అడగాలి కదా. నా మొదటి ప్రశ్న అదే. జవాబు ఇంకా రాలేదు.

సత్యనారాయణపురం:
నాక్కూడా రాలేదు.

పటమట అమ్మ:
మాస్టారూ, చెప్పాలా వద్దా అనుకున్నాను. మేక తప్పిపోయే కథ, పచ్చ అట్ట, అదేనా? జనవరిలో పుస్తకాల పండగలో కొన్నాం, మా ఇంట్లో ఉంది. పాప మూడో అధ్యాయం దగ్గర వద్దంది. మేక బావిగట్టు ఎక్కే చోటు మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

బ్రాడీపేట నాలుగో లైన్:
మూడులో ఎందుకు వద్దంది?

పటమట అమ్మ:
నిద్రపోయింది. పొద్దున అడుగుతా.

పటమట అమ్మ:
అడిగాను. ‘తాతయ్య వచ్చినప్పుడల్లా మేక ఆగిపోతోంది’ అంది.

గవర్నరుపేట పాఠకుడు:
నేను ఏమీ అనడం లేదు.

బ్రాడీపేట నాలుగో లైన్:
అటక మీంచి ఒక కాపీ దించాను. మూడో అధ్యాయంలో తాతయ్య నాలుగుసార్లు వస్తాడు. ఏ రాకడ దగ్గర వద్దందో కాస్త కనుక్కోమ్మా.