‘సెకండ్ సైట్’ను దివ్యదృష్టి అనవచ్చా?

ఇతరులకు కనబడనివి, జరగబోయేవి కొందరికి కనబడతాయని స్కాట్లాండ్ కొండసీమల్లో, పడమటి దీవుల్లో చెప్పుకుంటారు. ఇంగ్లీషులో దాని పేరు ‘సెకండ్ సైట్’. దీన్ని తెలుగులో ఏమనాలంటే, మిత్రులొకరు ‘దివ్యదృష్టి’ అని సూచించారు. నాకు ఒప్పుదల కాలేదు. దివ్యదృష్టి అనగానే మనకు సంజయుడు గుర్తొస్తాడు. అది వ్యాసుడు అనుగ్రహించిన వరం. అక్కడివారికి ఇది వరం కాదు, పీడ.

1678 అక్టోబరు 3న రాబర్ట్ బాయిల్, బడిలో వాయువుల సూత్రం దగ్గర మనం పేరు విన్న ఆ బాయిలే, లార్డ్ టార్బట్ అనే స్కాట్లాండ్ ప్రభువును దీని గురించి అడిగి తెలుసుకుని, ఆ వివరాలు రాయించి పెట్టుకున్నాడు. అది ఉన్నవారిలో చాలామంది ఎలాగైనా వదిలించుకోవాలనే చూస్తారని టార్బట్ చెప్పాడు. అమెరికా వంటి దూరదేశాలకు వెళ్లి స్థిరపడితే పోతుందని కూడా అన్నాడు. వదిలించుకోవాలనుకునే దాన్ని ‘దివ్యం’ అని ఎలా అనగలం?

పోనీ సోదె, అంజనం, ప్రశ్న? ఇవీ కుదరవు. ఆ పడమటి దీవుల్లోని స్కైలో పుట్టి, అక్కడి గేలిక్ భాషే మాతృభాషగా పెరిగిన మార్టిన్ మార్టిన్ అనే రచయిత 1703లో అచ్చువేసిన పడమటి దీవుల వర్ణనలో దీనికి నిర్వచనం ఇచ్చాడు: చూసే మనిషి అందుకోసం ఏ సాధనమూ వాడకుండానే, ఇతరులకు కనబడనిది కనబడటం. సోదెమ్మ దేవతను పలికిస్తుంది, అంజనానికి కాటుక కావాలి. ఇక్కడ అలాంటిదేమీ లేదు, పిలవకుండానే వచ్చి పడుతుంది. ఒకతనికి ఆ సమయంలో కనురెప్పలు ఎంతగా పైకి తిరిగిపోయేవంటే, దృశ్యం మాయమయ్యాక వేళ్లతో కిందికి లాక్కోవలసి వచ్చేదట. ఒక్కోసారి ఆ పని పక్కవాళ్లతో చేయించుకునేవాడట. ఎదుటి మనిషి ఒంటిమీద శవానికి కప్పే గుడ్డ కనబడితే చావు తప్పదని నమ్మకం. గుడ్డ నడుము దాటకపోతే ఏడాదో, ఇంకా ఎక్కువో గడువుంటుంది. తల వైపు పాకేకొద్దీ రోజులు, గంటలు.

గేలిక్‌లో దీని పేరు ‘అన్ దా హ్యలగ్’, అంటే ‘రెండు చూపులు’. ఇంగ్లీషువాడు ‘రెండోది’ అన్నాడు గానీ మూలంలో ఉన్నది జంట: అందరికీ ఉండే చూపు ఒకటి, దాని పక్కనే ఇంకొకటి. అందుకే నామవాచకంగా ‘రెండు చూపులు’ అనే ఉంచుదాం. ‘జంటచూపు’ అని నాకూ తోచింది కానీ, ఒకటి రెండుగా కనిపించే కంటిజబ్బు అనుకుంటారని వదిలేశాను.

అసలు బలం మాత్రం మన క్రియలోనే ఉంది. ‘చూడటం’ మనం చేసే పని, ‘కనబడటం’ మనకు జరిగేది. ఇంగ్లీషులో ‘సీ’ ఒక్కటే రెంటికీ పనిచేస్తుంది కాబట్టి మార్టిన్ అంత పొడుగు నిర్వచనం రాయవలసి వచ్చింది. మనకు ఒక్క ‘కి’ విభక్తి చాలు. ఆ గుడ్డ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘పొరుగువాడి నడుము దాకా గుడ్డ కప్పినట్లు అతనికి కనబడింది.’ ‘చూశాడు’ అని మాత్రం రాయను.