పాప ఒళ్లు విల్లులా వంగుతోంది, సంతోషించాలా భయపడాలా?

నమస్తే అండీ. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పాపకు 10 ఏళ్లు. స్కూల్లో యోగా పోటీలకని చక్రాసనం నేర్పారు. ఇప్పుడు బోర్లా పడుకుని పాదాలు తెచ్చి నెత్తి మీద పెట్టుకుంటోంది! ఫోన్‌లో మంగోలియా అమ్మాయిల కంటార్షన్ (ఒళ్లు మెలికలు తిప్పే విన్యాసం) వీడియోలు చూసి తనూ అదే చేస్తానంటోంది. మా అత్తమ్మేమో "ఇదేం వింత, మా చిన్నప్పుడు దొమ్మరాట వాళ్లు ఇంతకంటే ఎక్కువ వంగేటోళ్లు" అని కొట్టిపారేస్తుంది.

నా టెన్షన్ వేరే. పాప రెండు చిటికెన వేళ్లూ వెనక్కి 90 డిగ్రీలు దాటి పోతాయి, బొటనవేళ్లు ముంజేతికి ఆనుతాయి, మోచేతులు వెనక్కి వంగుతాయి, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తుంది. ఇవన్నీ చూసి కీళ్లు ఎంత వదులో 9కి లెక్కేసే బేటన్ స్కోర్‌లో ఇంట్లో మేం వేస్తే 7 వచ్చింది. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లే వదులేమో. అలాంటి పిల్లలకు ఇంకా సాగదీయడం కంటే కండరాల బలం పెంచాలంటారు కదా, స్కూల్ సార్ మాత్రం వీపు మీద చెయ్యేసి నొక్కుతున్నారు. నడుము కింద నొప్పని రెండుసార్లు అంది. ఆటలో పడి తను మరిచిపోయింది, నేను మరవలేదు.

ముందు ఎముకల డాక్టర్‌కు చూపించాలా, ఫిజియోథెరపిస్ట్‌కా? నల్గొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ జిమ్నాస్టిక్స్ పద్ధతిగా నేర్పేవాళ్లున్నారా? హైదరాబాద్ అయితే ఆదివారం ఒక్కరోజే బస్సులో తీసుకెళ్లగలం. మాన్పించమని మాత్రం చెప్పకండి, ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది.