క్యాప్స్ లాక్‌తో సంయుక్తాక్షరాలు: కొంతసేపటికే కీబోర్డ్ హుక్ ఆగిపోతోంది

ప్రశ్న

నమస్కారం. క్యాప్స్ లాక్‌ను పట్టుకుని ఆర్ నొక్కితే 'ష్ట్ర', ఎస్ నొక్కితే 'స్త్ర' వచ్చే ప్రోగ్రామును విండోస్ 10 కోసం సి++లో రాస్తున్నాను. వేళ్లు సరిగా వంగని మా నాన్నగారికి 'రాష్ట్రం' అన్న మాట టైపు చేయడమే పెద్ద శ్రమ. సెట్‌విండోస్‌హుక్‌ఎక్స్‌తో లో లెవెల్ కీబోర్డ్ హుక్ (నొక్కిన కీ ఇతర ప్రోగ్రాములకు చేరేముందే పట్టుకునే ఏర్పాటు) పెట్టి, నొక్కిన ప్రతి కీని డిస్కులోని పట్టికలో వెతికి, కీలు నొక్కినట్టు విండోస్‌కు పంపే సెండ్‌ఇన్‌పుట్‌తో అక్షరాలను పంపుతున్నాను. కొంతసేపు బాగానే పనిచేసి, ఏ ఎర్రరూ చూపకుండా ఆగిపోతోంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోల్లో అసలే పనిచేయదు. ఒక్కోసారి క్యాప్స్ లాక్ వదిలినా నొక్కినట్టే ఉండిపోతోంది. కారణం చెప్పగలరా?

మొదటి జవాబు

మీ కాల్‌బ్యాక్ (కీ నొక్కిన ప్రతిసారీ హుక్ కోసం విండోస్ పిలిచే మీ ఫంక్షన్) తిరిగి వచ్చేదాకా ఆ కీ ముందుకు కదలదు కాబట్టి, అక్కడ డిస్కును చదవడం సరికాదండి. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో, కాల్‌బ్యాక్ ఎంతలోగా తిరిగి రావాలో చెప్పే లోలెవెల్‌హుక్స్‌టైమౌట్ అనే గడువు ఉంది. విండోస్ 10 1709 నుంచి దాన్ని ఎంత పెంచినా 1000 మిల్లీసెకన్లకు మించదు. గడువు దాటిన హుక్‌ను విండోస్ 7 నుంచి సిస్టమ్ చెప్పకుండానే తీసేయవచ్చు, ఆ సంగతి ప్రోగ్రాముకు తెలిసే మార్గం కూడా లేదు. పట్టికను ముందే మెమరీలోకి తెచ్చుకుని, హుక్‌ను మెసేజ్ లూప్ (విండోస్ పంపే సందేశాలను వరుసగా అందుకునే లూప్) ఉన్న ప్రత్యేక థ్రెడ్‌లో, అంటే ప్రోగ్రాములో విడిగా నడిచే పనిలో పెట్టి, అక్షరాలు పంపే పనిని మరో థ్రెడ్‌కు అప్పగించండి.

అడ్మినిస్ట్రేటర్ విండోల విషయంలో తప్పు మీది కాదు. తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము ఎక్కువ అధికారమున్న విండోకు వెళ్లే కీలను అడ్డగించకుండా విండోస్ కావాలనే ఆపుతుంది.

రెండవ జవాబు

పై జవాబులో ఒక్క మాటతో విభేదిస్తాను. పంపే పనిని వేరే థ్రెడ్‌కు ఇస్తే, వేగంగా టైపు చేసేటప్పుడు వెనుక కీ ముందుకు దూకి, 'ష్ట్ర' కంటే ముందే సున్న వచ్చి పడే ప్రమాదముంది. పట్టిక మెమరీలో ఉన్నప్పుడు కాల్‌బ్యాక్‌లోనే సెండ్‌ఇన్‌పుట్‌ను పిలవడం మేలు. 'ష్ట్ర'లో ష, పొల్లు, ట, పొల్లు, ర కలిపి 5 యూనికోడ్ సంకేతాలు. నొక్కడం, వదలడం లెక్కిస్తే 10 ఈవెంట్లు. వాటన్నిటినీ ఒకే పిలుపులో పంపితే మధ్యలో మరో కీ చొరబడదు. మీరు పంపినవి మళ్లీ మీ హుక్‌కే వస్తాయి కాబట్టి ప్రతి ఈవెంట్‌తో పాటు వెళ్లే డీడబ్ల్యూఎక్స్‌ట్రాఇన్ఫోలో సొంత గుర్తు పెట్టి, అది కనబడితే కీని ముందుకు పంపే కాల్‌నెక్స్ట్‌హుక్‌ఎక్స్‌కు వదిలేయండి. కేవలం ఇంజెక్టెడ్ ఫ్లాగ్‌ను (కీ ప్రోగ్రాము నుంచి వచ్చిందని విండోస్ పెట్టే గుర్తు) చూస్తే ఆన్ స్క్రీన్ కీబోర్డ్ నుంచి వచ్చే కీలు కూడా తప్పిపోతాయి.

క్యాప్స్ లాక్ పట్టుకుని ఉండగా అడ్మినిస్ట్రేటర్ విండో ముందుకు వస్తే, దాన్ని వదిలిన ఈవెంట్ మీకు అందదు. ఆ కీని మీరే ఆపేశారు కనుక కీ నొక్కి ఉందో లేదో చెప్పే గెట్‌అసింక్‌కీస్టేట్‌ను అడిగినా సరైన స్థితి తెలియదు. ముందున్న విండో మారిన ప్రతిసారీ సెట్‌విన్‌ఈవెంట్‌హుక్ ద్వారా తెలుసుకుని, క్యాప్స్ లాక్ నొక్కి ఉందని మీ ప్రోగ్రాము పెట్టుకున్న గుర్తును చెరిపేయండి.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టికను మెమరీలోకి మార్చి, పంపడం కాల్‌బ్యాక్‌లోనే ఉంచాను. ఉదయం నుంచి హుక్ ఆగలేదు. విండో మారినప్పుడు గుర్తును చెరిపే భాగం ఈ రాత్రి రాస్తాను.