మత్తయి 1:18లో “ప్రధానము” అంటే నిశ్చితార్థమా, పెళ్లా?

ప్రశ్న: మరియ యోసేపుకు “ప్రధానము చేయబడిన తరువాత” అని 18వ వచనంలో ఉంది. మా ఇళ్లలో ప్రధానం అంటే పెద్దలు కూర్చుని మాట్లాడుకోవడం, ఉంగరాలు తొడగడం. కానీ 19వ వచనానికి వచ్చేసరికి యోసేపు “ఆమె భర్త” అయిపోయాడు, రహస్యంగా “విడనాడ” తలచాడు. పెళ్లే కానప్పుడు విడాకులేమిటి? అనువాదం ఎక్కడైనా తేడా కొట్టిందా?

జవాబు: అనువాదం సరిగానే ఉందండీ. మన ఇళ్లలో ప్రధానం బలం తగ్గింది, అంతే. ఇప్పుడు ప్రధానం అయ్యాక సంబంధం తప్పిపోతే పరువు పోయిందని నాలుగు రోజులు బాధపడతాం, ఇచ్చిపుచ్చుకున్నవి వాపసు చేసుకుంటాం. యూదుల్లో అలా కుదరదు. వాళ్లకు పెళ్లి రెండు అంచెల్లో జరిగేది. మొదటిది ఎరుసీన్. దానితోనే అమ్మాయి చట్టప్రకారం అతని భార్య, కానీ పుట్టింట్లోనే ఉంటుంది. రెండోది నిస్సుయీన్, అంటే కాపురానికి తీసుకెళ్లడం. ఈ రెండింటి మధ్య ఎడం ఉండేది. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన మిష్నా (యూదుల ధర్మశాస్త్ర సంకలనం) లెక్క ప్రకారం, పెళ్లికొడుకు తొందరపెడితే కన్యకు సిద్ధం కావడానికి 12 నెలలు, విధవకు 30 రోజులు గడువు. మత్తయి “వారేకము కాకమునుపు” అన్నది సరిగ్గా ఈ ఎడంలోనే.

ద్వితీయోపదేశకాండము 22:23, 24 పక్కపక్కన పెట్టి చదవండి. 23లో ఆమె ప్రధానం అయిన కన్య. 24లో అదే అమ్మాయిని “పొరుగువాని భార్య” అంటాడు. ఆమె మరొకడితో శయనిస్తే ఆ నేరానికి శిక్ష మరణం. యోసేపు టెన్షన్ ఇక్కడ అర్థమవుతుంది. అతను కేవలం మాట తప్పితే సరిపోదు, విడాకుల పత్రం ఇవ్వాలి. నలుగురిలో ఇస్తే ఆమె బతుకు బజారున పడుతుంది, అందుకే రహస్యంగా అనుకున్నాడు. అదే పుస్తకం 20:7లో ప్రధానం చేసుకుని ఇంకా కాపురానికి తెచ్చుకోనివాణ్ణి యుద్ధం నుంచి ఇంటికి పంపేయమని ఉంది. మన ఎంగేజ్‌మెంట్‌కు ఎవరూ అంత సెలవివ్వరు!

ఇంకొకరు: “ప్రదానం” అనాలి కదా? ఇవ్వడం అనే అర్థం కూడా కుదురుతుంది.

జవాబు: వాదన బాగుంది. కానీ తెలుగు బైబిల్లో అచ్చయినదీ, మన పెళ్లిళ్లలో నోట వినపడేదీ ఒత్తు ధ తోనే. ఈ చర్చకు దానితో పెద్ద పని లేదు.

నన్నడిగితే అసలు చిక్కుముడి ఆదికాండము 34:12లో ఉంది. షెకెము అనే యువకుడు యాకోబు కూతురు దీనాను ఇమ్మని అడుగుతూ “ఓలియు కట్నమును” ఎంతైనా అడగమంటాడు. చదివినవాళ్లు తికమకపడతారు: పెళ్లికొడుకు కట్నం ఇవ్వడమేమిటని. పాత తెలుగులో కట్నం అంటే కానుక. పెళ్లిలో “కట్నాలు చదివించడం” అనే మాటలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఓలి మాత్రం అమ్మాయి తండ్రికి ముట్టేది. హీబ్రూలో మోహర్. ముస్లిం పెళ్లిళ్లలో వినే మెహర్ దీనికి చుట్టమే, కాకపోతే అది పెళ్లికూతురికి చెందుతుంది. యాకోబు చేతిలో డబ్బు లేక రాహేలు కోసం 7 ఏళ్లు కొలువు చేశాడు. కూతురినిచ్చేందుకు దావీదును సౌలు రాజు వెండి అడగలేదు, నూరుమంది ఫిలిష్తీయుల ముందోళ్లు అడిగాడు, అల్లుడు చస్తాడని.

ఇంకొకరు: ఎలా చెప్పినా అమ్మాయిని అమ్ముకోవడమేగా అన్నా?

జవాబు: తమ్ముడూ, ఆ మాట ముందే ఆ ఇంటి ఆడపిల్లలే అన్నారు. ఆదికాండము 31:15లో రాహేలు, లేయా తండ్రి గురించి ఏమంటారో చూడు: మమ్మల్ని అమ్మేశాడు, మాకు రావలసిన ద్రవ్యం తినేశాడు అని. రెండో ఆరోపణ గమనించాలి. ఓలిలో కూతురికి హక్కు ఉందన్న భావన లేకపోతే ఆ గొడవే లేదు. అలాగని ఆడవాళ్ల మాట చెల్లుబాటయ్యేదనీ కాదు. సంఖ్యాకాండము 30 ప్రకారం పెళ్లికాని కూతురు మొక్కుకుంటే తండ్రి, భార్య మొక్కుకుంటే భర్త విన్న రోజే కొట్టేయవచ్చు. విధవ, విడాకులైన స్త్రీ మొక్కు మాత్రం ఎవరూ కొట్టేయలేరు. ఇస్సాకుకు పెళ్లికూతురిగా తీసుకెళ్లడానికి సేవకుడు వచ్చినప్పుడు రిబ్కాను “ఈ మనిషితో వెళ్తావా” అని అడిగారు, నిజమే. కానీ అప్పటికే ముక్కు కమ్మి, కడియాలు పెట్టేశారు, అన్న, తండ్రి సరేననేశారు.

బైబిల్ బయట ఒక ఉదాహరణ ఉంది. ఐగుప్తులో నైలు మధ్యనున్న ఎలిఫంటైన్ ద్వీపంలో క్రీ.పూ. 5వ శతాబ్దపు యూదుల పత్రాలు దొరికాయి. మిబ్తహియా అనే ఆమె పెళ్లి ఒప్పందం అందులో ఉంది. పెళ్లికొడుకు ఆమె తండ్రికి ఇచ్చిన ఓలి 5 షెకెళ్ల (తూకం) వెండి. ఆమె వెంట తెచ్చుకున్న ఉన్ని బట్ట, కంచు అద్దం, గిన్నెలు ఒక్కొక్కటీ వెల కట్టి రాశారు. ఈ భర్త తనకు వద్దనుకుంటే ఆమె కూడా సభలో నిలబడి ఆ మాట చెప్పవచ్చు. కొంత వెండి తూచి ఇచ్చేసి, తను తెచ్చుకున్నదంతా తీసుకుని నచ్చిన చోటికి వెళ్లిపోవచ్చని అందులోనే ఉంది.