హైతీ చేత కట్టించుకున్న సొమ్ము ఫ్రాన్స్ తిరిగివ్వాలా?

పాత కాగితాలు (చర్చ మొదలుపెట్టినవారు)

మా మేనల్లుడు కాలేజీ ప్రాజెక్టు కోసం "కొన్ని దేశాలు ఎందుకింత పేదగా ఉంటాయి మామయ్యా?" అని అడిగాడు. అవినీతి, చదువు లేకపోవడం అంటూ నోటికొచ్చింది చెప్పాను. తర్వాత హైతీ గురించి చదివితే, వాడికి అబద్ధం చెప్పినట్టే అనిపించింది.

హైతీ కరీబియన్ సముద్రంలో ఒక దేశం, ఒకప్పుడు ఫ్రాన్స్ వలస. అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు తిరగబడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న హైతీని స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్నారు. 21 ఏళ్లు గడిచాక 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపాడు. మిమ్మల్ని దేశంగా గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలన్నాడు. ఎవరికి? తోటలూ బానిసలూ పోగొట్టుకున్న పాత యజమానులకు! నష్టం లెక్కలో మనుషుల్ని కూడా ఆస్తి కిందే కట్టారు. 1803లో అంత పెద్ద లూసియానా ప్రాంతాన్ని ఫ్రాన్స్ అమెరికాకు అమ్మింది సుమారు 8 కోట్ల ఫ్రాంకులకే అని గుర్తుంచుకోండి.

మొదటి వాయిదా 3 కోట్లు. ఖజానాలో అంత లేదు, పారిస్ బ్యాంకర్ల దగ్గరే అప్పు చేశారు. వాళ్లు కమీషన్ కింద 60 లక్షలు ముందే పట్టుకుని మిగతాది చేతిలో పెట్టారు. మన ఊళ్లలో వడ్డీ కోసుకుని ఇస్తారు చూడండి, అలాగన్నమాట. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. అయినా దాని కోసం చేసిన అప్పుల తాలూకు బాకీలన్నీ తీరేసరికి 1947 వచ్చింది.

ఫ్రాన్స్ ఆ డబ్బు తిరిగివ్వాలి. సాయం అనే పేరుతో కాదు, బాకీ అనే పేరుతో. మీరేమంటారు?

లెక్కల మాస్టారు

జరిగింది ఘోరం, అందులో వాదన లేదు. కానీ ఈనాటి పేదరికాన్ని 1825 మీద వేస్తే నేను ఒప్పుకోను. అదే దీవిలో పక్కనే డొమినికన్ రిపబ్లిక్ ఉంది. 1960లో రెండు దేశాల తలసరి ఆదాయాలు దగ్గరదగ్గరగా ఉండేవి. ఇప్పుడు వాళ్లది ఎన్నో రెట్లు ఎక్కువ. తేడా వచ్చింది బాకీ తీరాకే కదా!

1957 నుంచి 1986 దాకా నియంతలైన దువాలియే తండ్రీకొడుకులు హైతీని పీల్చేశారు. తర్వాత వెనెజులా పెట్రోకరీబ్ పథకం కింద అప్పు మీద చమురిచ్చింది. ఆ చమురు అమ్మిన పైకం ఏమైందని అడుగుతూ 2018లో జనం వీధుల్లోకి వచ్చారు. 2021లో దేశాధ్యక్షుడు మొయీజ్‌ను ఇంట్లోనే చంపేశారు. రాజధానిలో ఎక్కువ భాగం ముఠాల చేతిలో ఉంది. మీరు ఇమ్మంటున్న డబ్బు ఎవరి చేతిలో పెడతారు?

సికింద్రాబాద్ పాఠకురాలు

మాస్టారూ, డొమినికన్లకూ ట్రుజిల్లో అనే నియంత 1930 నుంచి 1961 దాకా ఉన్నాడు. కాబట్టి నియంత ఒక్కడి మీదకి తోసేస్తే సరిపోదు. పైగా వాళ్లు 1844 దాకా హైతీ పాలన కిందే ఉన్నారు. ఈ పరిహారం కోసం వేసిన పన్నుల మీద కోపం కూడా వాళ్లు విడిపోవడానికి ఒక కారణం. విడిపోయాక ఆ బాకీ హైతీ నెత్తిమీదే మిగిలింది.

గోదారి గట్టు

ఫ్రాన్స్ ఒక్కదాన్నే అడిగితే అమెరికాను వదిలేసినట్టవుతుంది. 1914 డిసెంబరులో అమెరికా మెరైన్లు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారం న్యూయార్క్‌కు ఎత్తుకెళ్లారు. మరుసటి ఏడు దేశాన్నే పట్టుకుని 1934 దాకా కూర్చున్నారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది బియ్యం సంగతి. హైతీలో ఆర్టిబోనైట్ లోయ అంటే మన డెల్టా లాంటిది, కాలువల కింద వరి. 1980ల మొదట్లో వాళ్లు తినే బియ్యంలో ఎక్కువ భాగం వాళ్లే పండించుకునేవారు. అప్పులిచ్చేవాళ్ల ఒత్తిడి మీద 1995లో బియ్యం దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించారు. ప్రభుత్వ సబ్సిడీతో పండిన అమెరికా బియ్యం చవగ్గా వచ్చి పడింది. అక్కడి రైతు ఆ ధరకు ఎలా అమ్ముతాడు? పొలం వదిలేసి రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ మురికివాడలకు చేరాడు. అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ 2010లో అమెరికా సెనేట్ కమిటీ ముందు ఇది పొరపాటేనని, తన సొంత రాష్ట్రం ఆర్కాన్సా రైతులకు మేలు జరిగి ఉండొచ్చేమోగానీ హైతీకి కాదని ఒప్పుకున్నారు. ఒప్పుకుంటే ఆ పొలాలు తిరిగొస్తాయా?

మా ఇంట్లో ధాన్యం బస్తాకు యాభై రూపాయలు తగ్గితేనే నాన్నకు రాత్రి నిద్ర పట్టదు. అందుకే నాకిది దూరదేశం కథలా అనిపించదు.

మాంట్రియల్ నుంచి

నేను ఇక్కడ నర్సుని. మా వార్డులో హైతీ వాళ్లు చాలామంది. ఏటా జనవరి 1న ఒక అక్క గుమ్మడికాయ సూప్ తెస్తుంది. బానిసత్వం రోజుల్లో దాన్ని వండేది వీళ్లు, తాగేది యజమానులు. అందుకే స్వతంత్రం వచ్చిన రోజున అందరూ అదే తాగుతారట. ఆ అక్క జీతం రాగానే ముందు ఇంటికి డబ్బు పంపుతుంది. ఇలా బయటి నుంచి పిల్లలు పంపేదే హైతీ ఆదాయంలో దాదాపు ఐదో వంతు. మాస్టారు గారూ, ఎవరి చేతిలో పెట్టాలో తెలియక డబ్బు ఆపేస్తే, ఆ భారం ఇలాంటివాళ్లే మోస్తున్నారు.

లెక్కల మాస్టారు

అమ్మా, మీ మాట కాదనలేను. నా ఉద్దేశం ఎగ్గొట్టమని కాదు. భూసేకరణలో వారసుల తగాదా ఉంటే పరిహారాన్ని కోర్టులో జమ చేస్తారు. డబ్బు ఎవరికివ్వాలో తేలకపోయినా, బాకీ ఉందని ఒప్పుకున్నట్టే. ఫ్రాన్స్ అలా జమ చేసి, ఎన్నికైన ప్రభుత్వం వచ్చాక ఇవ్వొచ్చు కదా?

పాత కాగితాలు

మాస్టారూ, జమ చేయడానికి నేను సరే. కానీ "నువ్వు సరిగ్గా ఖర్చు పెడతావన్న నమ్మకం కుదిరాక ఇస్తా" అనే హక్కు బాకీ పడ్డవాడికి లేదు. మనం ఎవరికైనా అప్పుంటే అలా అనగలమా?

2003లో హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగివ్వమని అడిగాడు. 2004 ఫిబ్రవరిలో ఆయన పదవి పోయింది, తర్వాతి తాత్కాలిక ప్రభుత్వం ఆ మాటే వదిలేసింది. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ రెండు దేశాల చరిత్రకారులతో కమిషన్ వేస్తామన్నారు, డబ్బు ఇస్తామని మాత్రం అనలేదు.

ముందు అంకె తేలాలి. 9 కోట్ల ఫ్రాంకులేనా, దాని కోసం చేసిన అప్పుల మీద వడ్డీలూ కలపాలా? కలపాలనే అంటాను. ఆ అప్పు హైతీ కోరి చేసింది కాదు.