మా వంశవృక్షం చదివేవాళ్లకు సులువుగా అర్థమయ్యేలా ఎలా రాయాలి?

నమస్తే అండి. మాది హైదరాబాద్, సైదాబాద్ వైపు. రెండేళ్లుగా మా నాన్నవైపు ఆరు తరాల వివరాలు పోగు చేస్తున్నాను. మేనత్తలు చెప్పినవి, పాత శుభలేఖలు, నిజాం కాలం నాటి ఉర్దూ భూమి కాగితాలు, అన్నీ కలిపి రాసి చుట్టాలకు ఇస్తే ఎవరూ రెండో పేజీ దాటలేదు. చాలా బాధగా ఉంది.

పెద్ద చిక్కు పేర్లతోనే. తాత పేరే మనవడికి పెట్టడం వల్ల ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురున్నారు, పైగా మేనరికాలు ఎక్కువ కాబట్టి నాయనమ్మ తమ్ముడే మా పెద్దత్తకు భర్త, ఆయన్ని చెట్టులో ఏ కొమ్మ మీద పెట్టాలో తెలియట్లేదు. ఆడపిల్లల్ని పుట్టింటి ఇంటిపేరుతో రాయాలా, అత్తింటిదా? నాకైతే రెండూ ఉండాలనిపిస్తోంది, లేకపోతే వాళ్లు సగంలో మాయమైపోతారు.

తేదీలు కూడా అంతే. కాగితాల్లో ఫసలీ (అప్పటి భూమి శిస్తు లెక్కల సంవత్సరం) 1340 అని ఉంటే, 590 కలిపి 1930-31 అని పక్కన రాస్తున్నాను. అసలు ఫసలీ సంవత్సరం తీసేయమంటారా?

అమెరికాలో పుట్టిన మా అన్నయ్య పిల్లలు, డెబ్బై దాటిన మా బాబాయి, ఇద్దరూ చదవగలగాలి. ముందు చార్ట్ పెట్టాలా, లేక ఒక మనిషి కథతో మొదలుపెట్టాలా? ఇలాంటిది చేసినవాళ్లుంటే మీ ఇంట్లో ఏది పనిచేసిందో చెప్పండి ప్లీజ్.